బ్యాడ్మింటన్ అకాడమీ రివ్యూ: ఆట బాగానే నేర్పుతున్నారు, ఆడే పద్ధతి గురించే నా గొడవంతా

ముందే చెప్తున్నా, అకాడమీ పేరు రాయను. మావాడు ఇంకా అక్కడే ఆడుతున్నాడు, ఇది చదివి ఆ కోపం వాడి మీద చూపిస్తే ఆ గొడవ నాకెందుకు చెప్పండి. మియాపూర్ దాటి బాచుపల్లి వైపు వెళ్తుంటే రేకుల షెడ్లలో అకాడమీలు కనిపిస్తూనే ఉంటాయి, వాటిలో ఒకటి అనుకోండి. మీరు కూకట్‌పల్లిలో ఉన్నా, విజయవాడలో ఉన్నా, పిల్లల్ని బ్యాడ్మింటన్‌లో వేసే ముందు చూసుకోవాల్సినవి దాదాపు ఇవే, కాబట్టి పేరు లేకపోయినా పనికొస్తుంది.

దీనికి ఇప్పటికే ఆన్‌లైన్‌లో బోలెడు రివ్యూలు ఉన్నాయి. అన్నీ "సూపర్ కోచింగ్, గుడ్ కోర్ట్స్, పార్కింగ్ ఉంది" టైపు. అవేమీ అబద్ధాలు కావు, నేనూ అవి చూసే చేర్పించాను. కానీ అక్కడ పిల్లలకి ఆట నిజాయితీగా ఆడటం నేర్పుతున్నారా, లేక ఎలాగోలా పాయింట్ లాక్కోవడం నేర్పుతున్నారా అన్నది ఒక్కరూ రాయలేదు. డబ్బు కట్టేది మనం, పిల్లాడు వారానికి ఐదు రోజులు గడిపేది అక్కడ, మరి అది అడగకపోతే ఎలా? అందుకే ఈ రివ్యూలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది. పార్కింగ్ సంగతి కావాల్సినవాళ్లకి: ఉంది, కార్లకి కష్టం, బండికి పర్వాలేదు.

కోర్టుల సంగతి గబగబా చెప్పేస్తా. నాలుగు కోర్టులు, కింద చెక్క ఫ్లోరు, దాని మీద సింథటిక్ మ్యాట్. చెక్క ఉందా లేదా అన్నది తప్పకుండా చూడండి, కొన్నిచోట్ల సిమెంటు మీదే మ్యాట్ పరిచేస్తారు, రోజూ గెంతే పిల్లలకి మోకాళ్లు, మడమలు పోతాయి. లైట్లు నెత్తి మీద కాకుండా పక్కల నుంచి పడతాయి కాబట్టి పైకి చూసినప్పుడు కళ్లు జిగేల్‌మనవు. రేకుల షెడ్డు కదా, ఏప్రిల్, మే నెలల్లో లోపల ఉక్క మామూలుగా ఉండదు, షటిల్ కొట్టుకుపోతుందని ఫ్యాన్లు కూడా వేయరు. టాయ్‌లెట్లు పొద్దున శుభ్రంగా ఉంటాయి, సాయంత్రానికి ఉండవు. ఫీజు నెలకి రూ.4,500, షటిల్స్ మనమే కొనుక్కోవాలి. చిన్నపిల్లలకి నైలాన్‌తో సరిపెడతారు గానీ టోర్నమెంట్ బ్యాచ్‌కి వెళ్లాక ఫెదర్ షటిలే. పదహారు ఈకలు, ఐదు గ్రాముల బరువు ఉండే ఆ వస్తువు కోసం ఇంట్లో ఇంత బడ్జెట్ పోతుందని చేరేముందు ఎవరూ చెప్పరు, నేను చెప్తున్నా.

కోచింగ్ నిజంగా బాగుంది, అందులో మొహమాటం లేదు. మొదటి కొన్ని వారాలు షటిల్ కొట్టనివ్వలేదని మా ఆయన విసుక్కున్నారు కానీ, వాళ్లు చేసిందే కరెక్ట్. ముందు గ్రిప్, తర్వాత ఫుట్‌వర్క్, కోర్టులో ఆరు మూలలకి షటిల్ లేకుండా పరిగెత్తించి మళ్లీ మధ్యకి రప్పించడం. ఆ తర్వాతే మల్టీ షటిల్: కోచ్ బుట్ట పక్కన పెట్టుకుని ఒకదాని వెనక ఒకటి విసురుతుంటే పిల్లాడు కొడుతూనే ఉండాలి. మావాడు ముందు బ్యాక్‌హ్యాండ్ వైపు షటిల్ వస్తే చేతులెత్తేసేవాడు, ఇప్పుడు చుట్టూ తిరిగి ఓవర్‌హెడ్ కొడుతున్నాడు. హెడ్ కోచ్ సార్ కంటికి ఏదీ తప్పించుకోదు, నాలుగో కోర్టులో ఎవరి మోచెయ్యి కిందికి జారినా మొదటి కోర్టు నుంచే అరుస్తారు. ఆటకి మాత్రం నేను ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

లోపలికి రాగానే ఎడమవైపు గోడ మీద పెద్ద పోస్టర్, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌ది. పక్కన "క్రమశిక్షణ, గౌరవం, నిజాయితీ" అని రంగురంగుల అక్షరాలు. సరిగ్గా ఆ పోస్టర్ కిందే ఒక ఫ్రిజ్, నిండా కూల్‌డ్రింకులు, పిల్లలు బ్రేక్ అవ్వగానే దాని మీదే పడతారు. ఆ టైటిల్ గెలిచాక కోలా కంపెనీ యాడ్ వస్తే, తాను తాగని డ్రింకు పిల్లలకి ఎలా చెప్తానని వద్దన్న మనిషి ఆయన. ఆ రోజుల్లో బ్యాడ్మింటన్ ఆటగాడికి ఆ డబ్బు చిన్నది కాదు. ఆ ఫ్రిజ్ కనీసం కుడివైపు గోడకైనా జరపొచ్చు కదా అని ఆఫీసులో కూర్చునే అబ్బాయితో అంటే నవ్వేసి "అక్కడ ప్లగ్గు లేదు మేడమ్" అన్నాడు.

ఇక అసలు విషయం, లైన్ కాల్స్. టీవీలో చూసే మ్యాచ్‌లో అంపైర్ ఉంటారు, సర్వీస్ జడ్జి ఉంటారు, గీతల దగ్గర కుర్చీల్లో లైన్ జడ్జిలు ఉంటారు, అప్పటికీ నమ్మకం లేకపోతే చెయ్యెత్తి రివ్యూ అడిగితే కెమెరా తేలుస్తుంది. అకాడమీ ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఇవేవీ ఉండవు. పిల్లలే ఆడుకుంటారు, పిల్లలే స్కోరు చెప్పుకుంటారు, తమవైపు పడ్డ షటిల్ ఇన్నో ఔటో తామే చెప్పాలి. చిన్న టోర్నమెంట్లలో తొలి రౌండ్లు కూడా చాలాచోట్ల ఇంచుమించు ఇలాగే నడుస్తాయి. గీత మీద పడితే ఇన్, రూల్‌లో ఏ గందరగోళమూ లేదు. కానీ గీత వెడల్పు 4 సెంటీమీటర్లే, షటిల్ పడిన చోటు చూడాల్సింది వెనక్కి పరిగెడుతున్న పదకొండేళ్ల పిల్లాడు, కాబట్టి చాలాసార్లు వాడికి నిజంగానే తెలియదు. పెద్ద మ్యాచ్‌లో లైన్ జడ్జికి కనపడకపోతే, అంపైర్ కూడా తేల్చలేకపోతే, లెట్ అని ఆ ర్యాలీ మళ్లీ ఆడిస్తారు. మరి అంపైరే లేని చోట పిల్లాడికి అనుమానం వస్తే ఏం చెయ్యాలి? ఏ అకాడమీ ఎలాంటిదో తెలియాలంటే ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.

శనివారం సాయంత్రం మ్యాచ్ ప్లే ఉంటుంది, తల్లిదండ్రులు వెనక బెంచీల మీద కూర్చుని చూడొచ్చు. ఒకరోజు మావాడి మ్యాచ్ 19-19 దగ్గర ఉంది. అవతలి అబ్బాయి షటిల్‌ని వెనక్కి ఎత్తి కొట్టాడు, మావాడు ఔటవుతుందని వదిలేశాడు, అది సరిగ్గా వెనక గీత మీద పడింది. వాడు వంగి చూసి, "ఇన్" అని చేత్తో గీత చూపించి షటిల్ అవతలికి తోసేశాడు. పక్క కోర్టు నుంచి సార్ గొంతు.

"ఏంట్రా, సరిగ్గా చూశావా?"

"చూశాను సార్. గీత అంచు మీద పడింది."

"అంచా? అంచంటే డౌటే కదా. డౌటొస్తే ఔట్ అనమని ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? రేపు టోర్నమెంట్‌లో అవతలివాడు నీకిస్తాడా పాయింటు?"

మావాడు ఏమీ అనలేదు. అవతలి అబ్బాయి కిందికి వంగి, బాగానే ఉన్న షూ లేసు విప్పి మళ్లీ కట్టుకోవడం మొదలెట్టాడు. తర్వాతి పాయింట్ కూడా పోయి మ్యాచ్ ఓడిపోయాడు, సార్ వచ్చి భుజం మీద చెయ్యేసి ప్రేమగానే "మంచితనం పాయింట్లు తెచ్చిపెట్టదు నాన్నా" అని చెప్పి వెళ్లారు. తిట్టి ఉంటే పిల్లాడు మర్చిపోయేవాడేమో, అంత ప్రేమగా చెప్పారు కాబట్టే నాకు భయమేసింది. నా పక్కన కూర్చున్న ఒక నాన్నగారు "సార్ చెప్పింది కరెక్టే కదండీ, బయట అందరూ అంతేగా" అన్నారు. బయట అందరూ ఎవరు? బయట ఉన్నది కూడా ఇలాంటి అకాడమీల నుంచి వచ్చిన పిల్లలేగా.

దీని ఫలితం ఏంటంటే, సాయంత్రం బ్యాచ్‌లో షటిల్ ఇంకా గాల్లో ఉండగానే "ఔట్!" అని కేకలు వినపడతాయి. నిజం, కూర్చుని వినండి కావాలంటే. ఎప్పుడు చూసినా ఏదో ఒక కోర్టులో ఆట ఆగిపోయి ఉంటుంది, "పద్నాలుగు-పదకొండు కాదు, పదమూడు-పన్నెండు" అంటూ వాదన. నీతి సంగతి కాసేపు పక్కన పెట్టి కోచింగ్ లెక్కలోనే చూసినా ఇది నష్టమే. అనుమానం వచ్చిన ప్రతి షటిల్‌నీ ఔట్ అనేసే పిల్లాడికి ఏది వదలాలో, ఏది ఆడాలో ఎప్పటికీ అంచనా రాదు. లైన్ జడ్జిలు కూర్చున్న మ్యాచ్‌కి వెళ్లినరోజు వెనక గీత దగ్గర వదిలేసినవన్నీ ఇన్ అయి కూర్చుంటాయి. ఇది నా సిద్ధాంతం కాదు, అదే అకాడమీలో పొద్దున బ్యాచ్ చూసే మేడమ్ చెప్పిన మాట.

ఆ మేడమ్ గురించి చెప్పకపోతే ఈ రివ్యూ అన్యాయమవుతుంది. ఒకప్పుడు డబుల్స్ ఆడేవారట, ఇప్పుడు పొద్దున ఐదున్నర బ్యాచ్ మొత్తం ఆవిడదే. అక్కడ పద్ధతే వేరు. షటిల్ ఎక్కడ పడిందో కనపడలేదంటే పాయింట్ అవతలివాళ్లది, చర్చ లేదు. ఔటయ్యే షటిల్ నీ రాకెట్‌కి గానీ, ఒంటికి గానీ, బట్టలకి గానీ తగిలితే అవతలివాళ్లకి తెలియకపోయినా నువ్వే చెప్పాలి. నెట్‌కి రాకెట్ తగిలినా అంతే. స్కోరు ప్రతి సర్వీస్ ముందూ గట్టిగా చెప్పాలి, చెప్పకుండా సర్వీస్ చేస్తే ఆ సర్వీస్ చెల్లదు. ఈ చివరిదాంతోనే సగం గొడవలు పోతాయి, దీనికి పైసా ఖర్చు లేదు, సాయంత్రం ఎందుకు పెట్టరో అర్థం కాదు.

సెలవుల్లో మావాడిని పొద్దున బ్యాచ్‌కి పంపినప్పుడు ఒకటి చూశాను. ఒక చిన్నపాప, పదేళ్లుంటాయేమో, గేమ్ పాయింట్ మీద ఉంది. అవతలి పాప కొట్టిన షటిల్ ఈ పాప తల పక్కనుంచి దూసుకుపోయి గీత బయట, జానెడు దూరంలో పడింది. గేమ్ అయిపోయిందనే అందరూ అనుకున్నాం. ఈ పాప ఒక్క క్షణం నిలబడి, "టచ్ మేడమ్, జడకి తగిలింది" అంది. మేడమ్ "సరే, స్కోరు చెప్పి ఆడు" అన్నారు, అంతే. పొగడలేదు, అందరినీ పిలిచి చప్పట్లు కొట్టించలేదు, వాట్సాప్ గ్రూపులో పెట్టలేదు. అక్కడ అది మామూలు విషయం అన్నమాట. తర్వాత ఆ గేమ్ ఎవరు గెలిచారో చూడకుండానే ఆఫీసు టైమవుతోందని బయల్దేరాల్సి వచ్చింది.

సాయంత్రం పిల్లలతో ఇది మాట్లాడితే ఒకడు నన్నే నిలదీశాడు. "సింధు అక్కకే అంపైర్ అన్యాయం చేశాడు కదా ఆంటీ, మరి మనమొక్కళ్లమే కరెక్టుగా ఉండాలా?" వాడు చెప్పేది 2022 ఏప్రిల్‌లో మనీలాలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్ సెమీస్ గురించి. జపాన్ ప్లేయర్ యమగుచి మీద సింధు మొదటి గేమ్ గెలిచి, రెండో గేమ్‌లో 14-11తో ముందున్నప్పుడు, సర్వీస్‌కి ఆలస్యం చేస్తోందని అంపైర్ ఒక పాయింట్ అవతలికిచ్చేశారు. అవతలి ప్లేయర్ రెడీగా లేదు కాబట్టే ఆగానని సింధు అక్కడే గట్టిగా వాదించింది, వినలేదు, మ్యాచ్ పోయింది, కంచుతో సరిపెట్టుకుంది. తర్వాత ఆసియా బ్యాడ్మింటన్ వాళ్లు తప్పు జరిగిందని ఆమెకి క్షమాపణ లేఖ కూడా పంపారు. పిల్లాడికి నేను చెప్పింది ఒకటే: అక్క అంపైర్‌తో మొహం మీదే పోట్లాడింది, అది తప్పు కాదు, నువ్వూ పోట్లాడు. కానీ అంపైర్ పొరపాటు చేశాడని అక్క తర్వాతి మ్యాచ్‌లో గీత మీద పడ్డదాన్ని ఔట్ అనలేదుగా. వాడికి పూర్తిగా ఎక్కిందని చెప్పలేను, "అక్కడ కెమెరాలుంటాయిగా ఆంటీ" అన్నాడు, గడుసువాడు.

లైన్ కాల్స్ కంటే నాకు ఎక్కువ మంట తెప్పించింది వాకోవర్ వ్యవహారం, అంటే ఆడకుండానే అవతలివాడికి మ్యాచ్ వదిలెయ్యడం. ఒక టోర్నమెంట్‌లో క్వార్టర్ ఫైనల్లో మన అకాడమీ పిల్లలే ఇద్దరు ఎదురెదురు పడ్డారు. హెడ్ కోచ్ సార్ ఒకడిని పక్కకి పిలిచి కాలు నొప్పని చెప్పి వాకోవర్ ఇచ్చెయ్యమన్నారు, రెండోవాడు అలిసిపోకుండా సెమీస్ ఆడతాడని. వాకోవర్ ఇవ్వమన్నది గ్రూప్ బ్యాచ్ పిల్లాడిని. రెండోవాడు సార్ దగ్గర పర్సనల్ కోచింగ్ తీసుకుంటాడు, దానికి ఫీజు వేరే. ఇంతకంటే నేను విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా. ఆ పిల్లాడి అమ్మ పనికి సెలవు పెట్టి, టిఫిన్ బాక్సులు కట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. వాడు ఏడవలేదు, కాలు బాగానే ఉన్నా కుంటుకుంటూ రిఫరీ టేబుల్ దగ్గరికి వెళ్లాడు. ఒక పిల్లాడికి ఇంత చక్కగా నటించడం నేర్పినందుకు ఏ కాలమ్‌లో మార్కులు వెయ్యాలో తెలియట్లేదు.

"రూల్‌లో వాకోవర్ ఇవ్వొచ్చు కదా, స్ట్రాటజీ అంతే" అన్నారు మన బెంచీ మీది పెద్దలు. ఈ స్ట్రాటజీ ఎక్కడిదాకా పోతుందో 2012 లండన్ ఒలింపిక్స్‌లో ప్రపంచం మొత్తం చూసింది. మహిళల డబుల్స్‌లో అప్పటికే నాకౌట్‌కి చేరిపోయిన జోడీలు, తర్వాత ఎవరితో ఎవరు ఆడాలన్న డ్రా తమకి అనుకూలంగా రావాలని చివరి గ్రూప్ మ్యాచ్‌లు కావాలని ఓడిపోవడానికి పోటీపడ్డాయి. ప్రపంచ నంబర్ వన్ చైనా జోడీ సర్వీస్‌లు నెట్‌కి కొట్టింది, అవతల కొరియా వాళ్లూ అదే పని, మొదటి గేమ్‌లో నాలుగు షాట్లు దాటి ఒక్క ర్యాలీ నడవలేదు, వెంబ్లీ అరెనాలో జనం అరిచి గోల చేశారు. మర్నాడు ఎనిమిది మందిని పోటీల నుంచి తీసేశారు: రెండు కొరియా జోడీలు, ఒక చైనా, ఒక ఇండోనేషియా.

అదే ఈవెంట్‌లో మన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప గ్రూప్‌లో రెండు మ్యాచ్‌లు గెలిచి కూడా పాయింట్ల తేడా లెక్కలో ఒక్క పాయింట్‌తో క్వార్టర్స్ పోగొట్టుకున్నారు. తమ గ్రూప్‌లో జపాన్ జోడీ చైనీస్ తైపీ చేతిలో ఓడిన తీరు మీద మనవాళ్లు ఫిర్యాదు చేశారు, నిర్వాహకులు కొట్టేశారు, ఆ జపాన్ జోడీయే చివరికి రజతంతో వెళ్లింది. ఫిర్యాదు నిలబడలేదు కాబట్టి దాని మీద నేనేమీ అనను. కానీ గ్రూప్ దశలో ఎవరైనా మనసుపెట్టి ఆడట్లేదన్న అనుమానం వచ్చిందంటే పక్కన నిజంగా చెమటోడ్చిన వాళ్లకి ఎలా ఉంటుందో ఆ ఒక్క పాయింట్ చెప్తుంది. తర్వాత ఒలింపిక్స్‌కి గ్రూప్‌లు అయ్యాక మళ్లీ డ్రా తీసేలా పద్ధతే మార్చాల్సి వచ్చింది. మన అకాడమీలో జరిగింది దీనికి జిల్లా ఎడిషన్.

వయసు సర్టిఫికెట్ల సంగతి. చేరినప్పుడు బర్త్ సర్టిఫికెట్ జిరాక్స్ ఇచ్చాను. బెంచీ మీద ఒకాయన అడిగారు, "ఒరిజినల్ డేట్‌తోనే ఇచ్చారా?" అని. ఒరిజినల్ కాకుండా ఇంకోటి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. పిల్లల టోర్నమెంట్లలో అండర్-11, 13, 15 అని కేటగిరీలు కదా, రెండేళ్లు తగ్గిస్తే పదమూడేళ్లవాడు పదకొండేళ్లవాళ్ల మీద ఆడతాడు. ఆ వయసులో రెండేళ్లంటే అరచెయ్యి ఎత్తు, డబుల్ బలం. ఆఫీసులో దీని గురించి కదిలిస్తే తప్పని అనలేదు, ఒప్పని కూడా అనలేదు, "అది పేరెంట్స్ ఇష్టం మేడమ్, మేము కాగితం చూసి ఎంట్రీ పంపుతాం" అన్నారు. మీసం మొలుస్తున్న పిల్లాడిని అండర్-13కి పంపుతూ కాగితం చూశామనడం, అబ్బా, భలే చెప్పారు.

ఇది మన ఒక్క అకాడమీ జబ్బు కాదనుకోండి. కేంద్ర క్రీడాశాఖ దీని మీద 2010లోనే ఒక కోడ్ తెచ్చింది. పిల్లల ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదల బట్టి వయసు అంచనా వేసే పద్ధతి క్రికెట్ బోర్డు చాలా ఏళ్లుగా వాడుతోంది. 2020లో అదే బోర్డు, తప్పుడు తేదీ ఇచ్చినవాళ్లు తమంతట తామే ఒప్పుకుంటే శిక్ష ఉండదు, దొరికితే మాత్రం రెండేళ్లు బ్యాన్ అని ప్రకటించాల్సి వచ్చిందంటే ఎంతమంది ఉంటారో ఊహించుకోండి. తల్లిదండ్రులుగా మనం ఆలోచించాల్సింది బ్యాన్ గురించి కూడా కాదు. ఇంట్లో పుట్టినరోజుకి కేకు మీద పదమూడు కొవ్వొత్తులు, టోర్నమెంట్ ఫారం మీద పదకొండు. ఎవరైనా వయసు అడిగితే పిల్లాడు ముందు మన మొహం చూడాలి. ఆ బెంచీ మీది పెద్దమనిషి కొడుకు అలా చూడటం నేను కళ్లారా చూశాను.

పౌడర్ల గురించి కొంచెం జాగ్రత్త. ఫ్రిజ్ పక్కన షోకేసులో డబ్బాలు పెట్టారు, ప్రొటీన్, ఎనర్జీ, ఏవేవో. కొన్నింటికి మంచి కంపెనీ లేబుల్ ఉంది, కొన్ని డబ్బాల మీద కండల ఫొటో తప్ప లోపల ఏముందో చదవడానికి కూడా రాదు. ట్రైనర్ అని ఒకబ్బాయి వారానికి రెండుసార్లు వస్తాడు, "స్టామినా తక్కువుంది మేడమ్, ఒక డబ్బా వాడితే తేడా చూస్తారు" అని పదకొండేళ్ల పిల్లాడి గురించి చెప్తాడు. మా ఇంట్లో గుడ్డు, పప్పు, పెరుగు ఉన్నాయి బాబూ అని చెప్పేశాను. డోపింగ్ రూల్స్‌లో ఒక విషయం చాలామందికి తెలియదు: ఒంట్లోకి నిషేధిత పదార్థం ఎలా వచ్చినా బాధ్యత ఆడేవాడిదే. డబ్బా అమ్మినవాడి మీదో, ఇచ్చిన కోచ్ మీదో నెట్టేసి తప్పించుకోలేడు. క్రికెటర్ పృథ్వీ షాకి 2019లో ఎనిమిది నెలలు బ్యాన్ పడింది దగ్గు సిరప్‌లో ఉన్న టెర్బుటలిన్ వల్ల. అంతటివాడికే తప్పలేదు.

దేశం సంగతి కూడా గొప్పగా లేదు. 2023లో మన దగ్గర తీసిన ఐదు వేలపైచిలుకు శాంపిళ్లలో రెండొందలకి పైగా పాజిటివ్, ఎక్కువ టెస్టులు చేసిన దేశాల్లో పాజిటివ్‌ల శాతం మనదే ఎక్కువ. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ మీట్‌కి డోపింగ్ టెస్టు చేసేవాళ్లు వచ్చారని తెలిసి చాలామంది మాయమైపోతే, పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒకే ఒక్కడు పరిగెత్తాడు. స్టేడియం టాయ్‌లెట్లలో సిరంజీల వీడియోలు మీరూ చూసే ఉంటారు. వాళ్లెవరూ పుట్టుకతో సిరంజీ పట్టుకుని రాలేదు, ఎవడో ఒక ట్రైనర్ ఎప్పుడో ఒక డబ్బాతో మొదలెట్టి ఉంటాడు. పిల్లలకి ఏ మందు వాడాలన్నా డోపింగ్‌ని అరికట్టే జాతీయ సంస్థ నాడా వాళ్ల 'నో యువర్ మెడిసిన్' యాప్ ఉంది, మందు పేరు కొట్టి చూసుకోవచ్చు. టోర్నమెంట్లు ఆడే పిల్లలున్నవాళ్లు ఫోన్‌లో వేసుకోండి.

భద్రత విషయంలో ఫిర్యాదు లేదు. కోర్టుల మీద, కారిడార్‌లో సీసీ కెమెరాలున్నాయి, ఆడపిల్లల డ్రెస్సింగ్ రూమ్ వేరే, దాని తాళం మేడమ్ దగ్గర ఉంటుంది, గ్రిప్ సరిచేయాలన్నా చెప్పి చెయ్యి పట్టుకుంటారు. తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు, అది రానివ్వని అకాడమీ ఎంత పేరున్నదైనా వద్దు. ఓడితే గుంజీళ్లు తీయించే అలవాటు మాత్రం సాయంత్రం బ్యాచ్‌లో ఉంది. తప్పు చేస్తే తీయించండి, ఓడిపోవడం తప్పెలా అవుతుంది?

ఇవన్నీ పట్టుకుని హెడ్ కోచ్ సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డమనిషి కాదు, కూర్చోబెట్టి టీ తెప్పించి మాట్లాడారు. "మేడమ్, మీరు రిజల్ట్ కావాలంటారు, రిజల్ట్ రాకపోతే వచ్చే నెల పక్క అకాడమీకి వెళ్లిపోతారు. నిజాయితీగా ఓడిపోయిన పిల్లాడి ఫీజు ఎవరు కడతారు?" అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. వాట్సాప్ గ్రూపులో మెడల్ ఫొటో పడితే నలభై చప్పట్లు, మెడల్ లేనిరోజు "ఏం సార్, మావాడి మీద ఫోకస్ తగ్గిందా" అని మెసేజ్. మనమే ఇలా ఉంటే ఆయన ఒక్కడినే అనడం న్యాయం కాదు. కానీ వాకోవర్ సంగతి ఎత్తగానే మాట మార్చేశారు, ఆ నటించిన పిల్లాడి పేరు కూడా ఒక్కసారి ఎత్తలేదు. వయసు సంగతికి "చూద్దాం" అన్నారు. స్కోరు గట్టిగా చెప్పించే పద్ధతి మాత్రం సాయంత్రం కూడా పెట్టిస్తానన్నారు, మర్నాడే పెట్టించారు కూడా, ఇప్పుడు ఆ గోల కొంచెం తగ్గింది.

నా మార్కులు ఇవి. ఆట నేర్పడానికి నాలుగున్నర, కోర్టులకి నాలుగు, ఆఫీసు వాళ్లకి రెండు, నిజాయితీకి సాయంత్రం బ్యాచ్‌కి ఒకటిన్నర, పొద్దున బ్యాచ్‌కి ఐదు. ఒకే షెడ్డు, ఒకే ఫీజు, మార్కుల్లో ఇంత తేడా ఏంటని అడగకండి, వెళ్లి రెండు బ్యాచ్‌లూ చూడండి. ట్రయల్ క్లాస్ ఫ్రీ, కానీ ట్రయల్‌కి డ్రిల్స్ రోజు కాకుండా మ్యాచ్ ప్లే ఉండే శనివారం అడిగి వెళ్లండి, షటిల్ గీత దగ్గర పడినప్పుడు కోచ్ ఎటు చూస్తున్నారో, ఏమంటున్నారో గమనించండి. ఫ్రిజ్ దగ్గర, షోకేసు దగ్గర ఏమీ కొనక్కర్లేదు, నీళ్ల సీసా ఇంటినుంచే తెచ్చుకోవచ్చు. మావాడిని స్కూలు తెరిచాక కూడా పొద్దున ఐదున్నరకే మార్చేశాం, నాలుగున్నరకి లేవడానికి ఇల్లంతా తిట్టుకుంటోంది. ఆ బ్యాచ్‌లో సీట్లు తక్కువ, జూన్‌లో నిండిపోతాయి, చేర్పించేవాళ్లు మే నెలలోనే మేడమ్‌ని నేరుగా కలిసి పేరు రాయించుకోండి, ఆఫీసులో అడిగితే సాయంత్రం బ్యాచ్‌లోనే వేస్తారు.